డోలీ ఎటు నడుస్తోంది? - మన్యం ఫోటోల్లో చలనదిశ, కథనం

1

కవితను విమర్శించేటప్పుడు వస్తువుతోపాటు శిల్పాన్నీ చూడాలని అభ్యుదయ విమర్శ చాలాకాలం క్రితమే ఒప్పుకుంది. కథ విషయంలోనూ అంతే. రచయిత ఎవరి గురించి రాశాడన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలబడి రాశాడన్నదీ అంతే ముఖ్యమని మనం వాదిస్తూనే వచ్చాం. ఫోటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ పట్టింపు సడలిపోతుంది. అందులో గిరిజనుడు ఉంటే చాలు, చిరిగిన గుడ్డ ఉంటే చాలు, అది మన పక్షపు ఫోటో అయిపోతుంది. ఆ మనిషి ఎటు నడుస్తున్నాడు, ఎక్కడినుంచి వస్తున్నాడు, ఫోటో తీసినవాడు ఆ దారిలో ఏ చోట నిలబడ్డాడు అని మనం అడగం. కెమేరా యంత్రం గనక దానికి దృక్పథం ఉండదన్న భ్రమ మనలో ఏ మూలో ఇంకా మిగిలే ఉంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నల్లో ఒక్కదాన్నే తీసుకుంటుంది: ఫోటోలో చలనదిశ. అది కేవలం కూర్పు సొగసుకు సంబంధించిన విషయమా, లేక కథ ఎవరిదో తేల్చే విషయమా? దీన్ని గాలిలో చర్చించడం కన్నా మారేడుమిల్లి చుట్టుపక్కల కొండలనూ, మొత్తంగా మన్యాన్నీ చూపే ఫోటోలను ఎదురుగా పెట్టుకుని చర్చించడం మేలు. ఎందుకంటే దిశకు ఇంత బరువైన అర్థం ఉన్న ప్రాంతం తెలుగునేల మీద మరొకటి లేదు.

ముందు ఒక ప్రాథమిక విషయం. ఫోటో కదలదు. సెకనులో ఏ నూటయిరవై అయిదో వంతో పట్టుకుని కాగితం మీద నిలబెడుతుంది. అయినా గాలిలోకి లేచిన పాదాన్ని చూడగానే అది ఇంతకుముందు ఎక్కడ ఉందో, ఇకమీదట ఎక్కడ పడుతుందో మన మనసు పూరించుకుంటుంది. ఆ వెనకనూ ఆ ముందునూ చూసేవాడే కల్పించుకోవాలి. ఫోటోలోని కథ అంటే ఈ కల్పనే. దానికి ఫోటోగ్రాఫరు ఇవ్వగలిగిన ఆధారాల్లో బలమైనది దిశ. అందుకే ఒకే మనిషి, ఒకే నడక, ఒకే దారి అయినా, కెమేరా దారికి ఏ వైపున ఉందన్నదాన్ని బట్టి అది రాకగానూ మారుతుంది, పోకగానూ మారుతుంది.

ఫోటోగ్రఫీ నేర్పే పుస్తకాలు దీన్ని కొన్ని సూత్రాలుగా చెబుతాయి. నడిచే మనిషికి ముందు ఖాళీ వదలాలి. వెనక వదిలితే గోడకు ముఖం పెట్టినట్టు ఉంటుంది. ఎడమనుంచి కుడికి సాగే బొమ్మ ముందుకు పోతున్నట్టు ఉంటుంది. కుడినుంచి ఎడమకు వచ్చేది ఎదురీదుతున్నట్టో, తిరిగొస్తున్నట్టో ఉంటుంది. కింది ఎడమ మూలనుంచి పై కుడి మూలకు పోయే గీత ఎక్కుడుగా కనబడుతుంది. ఇవి ఊరికే పుట్టిన మాటలు కావు. కళాచరిత్రకారుడు హైన్రిష్ వోల్ఫ్‌లిన్ చిత్రాలను అద్దంలోలా తిరగేసి చూస్తే వాటి బరువూ భావమూ మారిపోతాయని గత శతాబ్దం మొదటి సగంలోనే గమనించాడు. రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ 1954లో ప్రచురించిన దృశ్యగ్రహణ గ్రంథంలో ఆ చర్చను ఇంకా ముందుకు తీసుకుపోయాడు.

అయితే వీటిని ప్రకృతి సూత్రాలుగా తీసుకోవడం పొరపాటు. ఎడమనుంచి కుడికి చదివే జాతుల కన్ను ఆ అలవాటును బొమ్మ మీదికి కూడా తీసుకుపోతుంది. హైదరాబాద్‌లో ఒకే ఫోటో తెలుగు దినపత్రికలోనూ ఉర్దూ దినపత్రికలోనూ అచ్చయితే, అక్షరాల వెంట కన్ను నడిచే దారి ఒకచోట ఎడమనుంచి మొదలవుతుంది, రెండోచోట కుడినుంచి మొదలవుతుంది. ముందుకు పోవడం అనేది ఏ వైపో లిపి కూడా కొంత నిర్ణయిస్తుంది. పైగా కుడి ఎడమలు అంత గట్టివి కూడా కావు. పేజీ బయటికి చూస్తున్న ముఖాన్ని పేజీ లోపలికి తిప్పడానికి నెగెటివ్‌ను తిరగేసి వేసిన సందర్భాలు అచ్చుపని తెలిసినవాళ్లకు కొత్త కావు. చొక్కా గుండీలు వైపు మారినా పాఠకుడు గమనించకపోవచ్చు.

కాని ఎత్తుపల్లాలను అలా మార్చలేం. బొమ్మను కుడి ఎడమలుగా ఎంత తిరగేసినా కొండ దిగుతున్నవాడు దిగుతూనే ఉంటాడు. పుస్తకాలు కుడి ఎడమల గురించి పేజీలకొద్దీ రాసి, ఎగువ దిగువలను ఒక గీతగా మాత్రమే చూసి వదిలేశాయి. మన్యం బొమ్మలకు అసలు ప్రాణం అక్కడే ఉంది.

2

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరే రోడ్డు, అక్కడినుంచి ఘాట్ మలుపులు తిరిగి చింతూరు, భద్రాచలం వైపు పోతుంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డప్పుడు మారేడుమిల్లి అందులో చేరింది. కొండరెడ్లు, కోయలు, ఇంకా అనేక తెగలు బతికే నేల ఇది. ఇక్కడ తూర్పు పడమరల కన్నా ముందు మనిషికి తెలిసే దిక్కులు రెండు: ఎగువ, దిగువ.

చరిత్ర కూడా ఈ రెండు దిక్కుల్లోనే నడిచింది. దిగువనుంచి ఎగువకు వచ్చినవాళ్లు పన్ను వసూలుదార్లు, పోలీసులు, ఫారెస్టువాళ్లు, షావుకార్లు, కంట్రాక్టర్లు. ఎగువనుంచి దిగువకు పోయినవి కలప, వెదురు, చింతపండు, అప్పుల కింద జమకట్టుకున్న పంట, వెట్టి చేసే ఒళ్లు. 1879లో రంప పితూరీకి దారితీసిన కారణాల్లో కల్లు మీద వేసిన పన్ను, మన్సబుదారు దోపిడీ ముఖ్యమైనవి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీదా, అడవిలో తిరగడం మీదా ఆంక్షలు బిగిశాయి. అంటే కొండ మీద మనిషి ఎటు నడవాలి, ఎటు నడవకూడదు అన్నదే చట్టమయింది.

రోడ్డు కూడా ఈ కథలో అమాయకమైన వస్తువేమీ కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంలో రోడ్లు వేయించేటప్పుడు గిరిజనులకు కూలీ సరిగా ఇవ్వకుండా పని చేయించుకోవడం 1922 తిరుగుబాటు వెనకనున్న కోపాల్లో ఒకటి. ఎవరి చెమటతో ఆ దారి పడిందో వాళ్ల మీదికే పోలీసు బలగాలు ఆ దారినే ఎక్కివచ్చాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద సీతారామరాజు దళం చేసిన దాడుల్లో 26 తుపాకులు చేజిక్కాయి. ఆ మూడు రోజులూ దిశ తిరగబడింది. ఎగువవాడు తన సొంత నిర్ణయంతో దిగువకు నడిచాడు.

అదే ఏడాది సెప్టెంబరులో దామనపల్లి ఘాట్ దగ్గర జరిగింది మన చర్చకు మరీ ముఖ్యం. కనుమలోకి వస్తున్న బలగంలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను తిరుగుబాటుదారులు పోనిచ్చి, వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు కవర్డ్, హైటర్‌లను కాల్చారు. పైన ఉన్నవాడికి దారి మొత్తం కనబడుతుంది, ఎవరు ముందో ఎవరు వెనకో తెలుస్తుంది. కింద నడిచేవాడికి తన ముందువాడి వీపే కనబడుతుంది. చూపు ఎక్కడినుంచి అన్నదే అక్కడ బలాబలాలను తేల్చింది. కెమేరా గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. కొండల్లో చూసే చోటు అంటే అధికారపు చోటు.

3

ఇలాంటి నేల మీద కెమేరా మొదట ఏం చేసింది? నడకను ఆపేసింది.

1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా లండన్‌లో అచ్చయిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' మొదలు, మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కె. రంగాచారి సాయంతో 1909లో తెచ్చిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల, తెగల గ్రంథం దాకా, వలసపాలన కెమేరాకు కావలసింది కొలతకు దొరికే మనిషి. థర్‌స్టన్ ముక్కులూ తలలూ కొలిచిన మనిషి కూడా. అందుకే అక్కడ ప్రధాన పద్ధతి ఎదురుగా నిలబెట్టడం, లేదా పక్కకు తిప్పి నిలబెట్టడం. అలా నిలబెట్టిన మనిషికి ముందూ లేదు, వెనకా లేదు. అతను ఎక్కడినుంచీ రాలేదు, ఎక్కడికీ పోడు. చలనం లేదు గనక కథ లేదు. కథ లేదు గనక కారణమూ లేదు. అతని పేదరికం అతని ముక్కులాగే అతని జాతిలక్షణం అయిపోతుంది.

క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను ఈ జాబితాలో కలిపేయడం న్యాయం కాదు. పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మధ్య ఉండి అధ్యయనం చేసి 1945లో ఆయన వెలువరించిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' తెలుగు మన్యం గురించి వచ్చిన పెద్ద గ్రంథాల్లో ఒకటి. గిరిజనుల భూమి చేజారడాన్నీ, వెట్టినీ నిజాం ప్రభుత్వం ముందు పెట్టిన మనిషి ఆయన. అయినా శాస్త్రజ్ఞుడి కెమేరాకు ఒక పరిమితి ఉంది. అది గూడెంలోకి చేరాక తెరుచుకుంటుంది. గూడెం లోపలి బతుకు దానికి వస్తువు. గూడెంనుంచి సంతకూ, షావుకారు అరుగుకూ, ఫారెస్టు ఆఫీసుకూ పోయే దారి ఆ పుస్తకపు మాటల్లో బలంగా ఉంది. ఫోటోకు ఆ దారి అంత సులభంగా లొంగదు.

అభ్యుదయ శిబిరం తన సొంత ఫోటోగ్రాఫరును సునీల్ జానాలో చూసుకుంది. 1943 బెంగాల్ కరువును పి.సి. జోషీ వెంట తిరిగి తీసిన ఆయన ఫోటోలు పార్టీ పత్రికలో అచ్చయి దేశాన్ని కదిలించాయి. ఆ తర్వాత దశాబ్దాల తరబడి దేశమంతటా గిరిజనులను ఫోటోలు తీశాడు. 'ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా' 1993లో వచ్చింది. జానా చేసిన మేలు చిన్నది కాదు. థర్‌స్టన్ కొలిచిన మనిషిని ఆయన తలెత్తి చూశాడు. కెమేరాను కిందికి దించి, ఆకాశం నేపథ్యంగా మనిషిని నిలబెట్టి గౌరవం ఇచ్చాడు. కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆకాశం ముందు నిలబెట్టిన మనిషి పాదాల కింద దారి కనబడదు. అతను ఎత్తుకు పోయాడు, కాని ఆగిపోయాడు. మన పోస్టర్లూ ముఖచిత్రాలూ ఆ ఒక్క భంగిమనే పట్టుకుని ఏళ్ల తరబడి నడిచాయి. జానా శ్రమలో సగాన్నే మనం వారసత్వంగా తీసుకున్నాం. కరువు ఫోటోల్లోని గుంపులు, బారులు, ఊళ్లు వదిలి పోయేవాళ్లు మన ముఖచిత్రాల మీదికి రాలేదు.

సినిమా ఇంకో దారి పట్టింది. అది ఎక్కుడును హీరోకు ఇచ్చింది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం, వి.యస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం, చింతపల్లి అడవుల్లో చిత్రీకరణ. ఆ చిత్రం జనంలో రగిల్చిన ఆవేశాన్ని ఎవరూ కాదనరు. అయితే సినిమాస్కోప్ వెడల్పు తెర. గుంపులు ఈ చివరినుంచి ఆ చివరికి కదలడానికి అనువైనది. కొండ నిలువు ఆ చట్రంలో నేపథ్యంగా మిగిలిపోతుంది. ఇక 2021 నాటి 'పుష్ప'లో శేషాచలం అడవిగా మనం చూసినదాంట్లో చాలాభాగం మారేడుమిల్లి అడవి. ఎర్రచందనం నల్లమల, శేషాచలం కొండల చెట్టు; మారేడుమిల్లి చెట్టు కాదు. ఒక అడవి తన సొంత కథను పక్కనపెట్టి ఇంకో అడవికి వేషం కట్టింది.

ఇప్పుడు గుడిసె కొండ మీద సూర్యోదయం చూడ్డానికి జీపుల్లో వెళ్లేవాళ్లు తీసుకునే ఫోటోల్లోనూ ఇదే దిశ. ఎక్కేది బయటివాడు. ఘాట్ మలుపు అతని ప్రయాణానికి అలంకారం. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చేవాడు ఆ బొమ్మలో నిలబడే ఉంటాడు. బయటివాడు కదులుతాడు, కొండవాడు ఆగి ఉంటాడు అనే నియమం థర్‌స్టన్ కాలం నుంచి ఈ సెల్‌ఫోన్ కాలం దాకా చెక్కుచెదరలేదు.

4

కొండవాడు కదులుతూ కనబడే ఫోటో ఒకటుంది. అది డోలీ ఫోటో.

రోడ్డు లేని గూడెంనుంచి పురిటినొప్పులు పడుతున్న స్త్రీనో, జ్వరంతో పడిపోయిన మనిషినో దుప్పటిలో పడుకోబెట్టి, ఆ దుప్పటిని పొడుగాటి కర్రకు వేలాడగట్టి, ముందొకరూ వెనకొకరూ భుజాన మోసుకుని దిగివచ్చే దృశ్యం. పాడేరు వైపునుంచైనా, అరకు వైపునుంచైనా, రంపచోడవరం వైపునుంచైనా ప్రతి వానాకాలమూ పత్రికల్లో ఇది కనబడుతూనే వచ్చింది. 2018లో ఏజెన్సీలో బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టారు. 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్ల కార్యక్రమం మొదలయింది. అయినా ఆ ఫోటో అరుదైపోయిన ఫోటో కాలేదు. దీని నిర్మాణాన్ని కాస్త ఓపికగా పరిశీలిద్దాం.

చాలా డోలీ ఫోటోల్లో మోసేవాళ్లు మన ఎదురుగా వస్తారు. ముందువాడి ముఖం, అతని భుజం మీద కర్ర కొస, వెనక వేలాడే దుప్పటి, ఆ వెనక ఇంకొకరి తల. ఎందుకిలా? విలేకరి వాహనం రోడ్డు ఆగిపోయిన చోట ఆగుతుంది. అతను అక్కడ నిలబడి ఎదురుచూస్తాడు. డోలీ వస్తుంది. ఫోటో తీస్తాడు. అంటే ఆ బొమ్మ దిశను రోడ్డు నిర్ణయించింది. ఏ రోడ్డు లేకపోవడం వార్తో ఆ రోడ్డు చివరనే వార్త మొదలయింది. డోలీ అంతవరకు నడిచిన మైళ్లు ఆ బొమ్మకు వెనక, కొండ మలుపు అవతల ఉండిపోయాయి.

దీనికి ఇంకో సాంకేతికమైన కారణం కూడా కలుస్తుంది. వాలును ఎదురుగా నిలబడి తీస్తే దాని నిటారు చచ్చిపోతుంది. ఘాట్‌లో ఫోటో తీసిన ఎవరిని అడిగినా చెబుతారు, కళ్లు తిరిగే లోయ కాగితం మీద చదునుగా వస్తుందని. ఎదురొచ్చే డోలీ ఫోటోలో కాళ్లు బురదలో ఉంటాయి, ముఖంలో అలసట ఉంటుంది, కాని కొండ ఉండదు. మోసేవాళ్లు చదునైన దారిలో నడుస్తున్నట్టే కనబడతారు.

అదే దృశ్యాన్ని పక్కనుంచి తీసిన ఫోటోలు కొన్ని వస్తాయి. అప్పుడు బొమ్మ మొత్తం మారుతుంది. ముందువాడి భుజం కిందా, వెనకవాడి భుజం పైనా ఉంటుంది. కర్ర ఏటవాలు గీతగా చట్రాన్ని కోస్తుంది. దుప్పటి ఆ గీత వెంట ముందుకు జారబోతుంది. జారకుండా కట్టిన తాడు బిగుసుకుని కనబడుతుంది. వెనకవాడు కర్రను వెనక్కి లాగిపట్టి, మడమలు నేలకు తన్ని, ఒళ్లు వెనక్కి వాల్చి దిగుతాడు. చూసేవాడికి అప్పుడు తెలుస్తుంది, ఈ పని జాలిపడవలసినది మాత్రమే కాదు, నేర్పుతో కూడిన పని అని. మోసేవాళ్లు బాధితులుగానే కాక పని తెలిసిన మనుషులుగా బొమ్మలోకి వస్తారు. కావిడి మోసి అలవాటైన భుజాలవి.

మూడో రకం ఇటీవలిది. సెల్‌ఫోను గూడేలకు చేరాక ఆ గూడెం కుర్రాళ్లే తీస్తున్నారు. డోలీ వెంట నడుస్తూ తీస్తారు. బొమ్మ వంకరగా ఉంటుంది, సగం వణికిపోయి ఉంటుంది. ముందువాడి వీపు, దుప్పటి అంచు, కిందికి పోతున్న కాలిబాట. పుస్తకాల సూత్రాల ప్రకారం ఇది చెడిపోయిన ఫోటో. కాని ఇందులో మనం ఎదురుచూసేవాళ్లం కాదు, వెంట నడిచేవాళ్లం. వాళ్లు చూసిన దారినే మనమూ చూస్తాం. నడిచేవాడి ముందు ఖాళీ వదలాలన్న సూత్రానికి ఇక్కడ అసలైన అర్థం వస్తుంది. ఆ ఖాళీ సొగసుకోసం వదిలింది కాదు. ఇంకా నడవవలసిన దూరమది.

ఈ మూడు రకాల్లో ఒకటి ఎప్పుడూ ప్రగతిశీలం, మరొకటి ఎప్పుడూ అభివృద్ధి నిరోధకం అని ముద్రలు వెయ్యడం నా ఉద్దేశం కాదు. 1972 జూన్‌లో వియత్నాంలోని చాంగ్ బాంగ్ దగ్గర నాపాం బాంబుకు ఒళ్లు కాలిన పసిపిల్ల రోడ్డు మీద కెమేరా వైపే పరుగెత్తుకు వస్తుంది. ఎదురొచ్చే దిశకు అంతకన్నా శక్తివంతమైన ఉదాహరణ లేదు. యుద్ధం నడిపిన దేశపు పౌరుడి మీదికే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. తప్పుకోవడానికి పక్కదారి లేదు. అయితే గమనించండి, ఆమె వెనక పొగ కమ్మిన ఊరు ఆ ఫోటోలో ఉంది. ఎక్కడినుంచి పరుగెడుతోందో బొమ్మే చెబుతుంది. మన డోలీ ఫోటోలో లేనిది అదే.

దూరంగా పోయే దిశకు డొరతియా లాంగ్ 1937లో కాలిఫోర్నియాలో తీసిన 'టువర్డ్ లాస్ ఏంజెలిస్' ఉంది. సామాన్లు పట్టుకుని ఇద్దరు మనుషులు మనకు వీపు తిప్పి రోడ్డు వెంట పోతుంటారు. పక్కన పెద్ద ప్రకటన బోర్డు: రైలు సీట్లో హాయిగా వాలిన మనిషి, ఈసారి రైల్లో రమ్మనే సలహా. ముఖాలు లేవు, కన్నీళ్లు లేవు. నడిచేవాళ్ల దిశనూ పడుకున్నవాడి నిశ్చలతనూ ఒకే చట్రంలో పెట్టడంతో ఆర్థికమాంద్యపు అమెరికాలో వర్గభేదం బయటపడింది. మారేడుమిల్లి ఘాట్‌లో రిసార్టు బోర్డు కింద కట్టెలమోపుతో నడిచిపోయే స్త్రీని ఆ కంటితో చూస్తే ఎంత చెప్పవచ్చో మన ఫోటోగ్రాఫర్లు ఆలోచించాలి.

5

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావడం సహజం.

మొదటిది: ఒక ప్రాణం దుప్పటిలో వేలాడుతుంటే కెమేరా ఏ పక్క ఉందని చర్చించడం అమానుషం కాదా? ఫోటో ఎలా ఉన్నా వార్త బయటికి వచ్చింది, అధికారులు కదిలారు, అది చాలదా? చాలదు. వార్త బయటికి తెచ్చే విలేకరుల శ్రమను తక్కువ చెయ్యనక్కర్లేదు. చాలాసార్లు ఆ ఫోటో వల్లనే అంబులెన్సు వచ్చింది. కాని ఎదురొచ్చే ఫోటో చెప్పే కథ రాకతో ముగుస్తుంది. డోలీ వచ్చింది, రోడ్డు చేరింది, వాహనం ఎక్కింది. చూసేవాడు గట్టిగా ఊపిరి వదిలి పేజీ తిప్పుతాడు. కారణం కొండ వెనకే ఉండిపోయింది గనక అడగవలసిన ప్రశ్న కూడా అక్కడే ఉండిపోతుంది. ఆ గూడేనికి దారి ఎందుకు లేదు? కలప దిగడానికి పడిన దారి మనిషి దిగడానికి ఎందుకు పడలేదు? జీపు సూర్యోదయం దాకా ఎక్కగలిగినప్పుడు అంబులెన్సు గూడెం దాకా ఎందుకు ఎక్కలేదు? ఈ ప్రశ్నలు ముఖంలోని అలసటనుంచి పుట్టవు. దారిని చూస్తే పుడతాయి.

రెండో అభ్యంతరం మన శిబిరంలోదే: వస్తువు ప్రజలదైతే రూపం దానంతటదే సర్దుకుంటుంది, దిశలూ కోణాలూ పెటీ బూర్జువా రూపవాదుల గొడవ. దీనికి జవాబు చెప్పడానికి సౌందర్యశాస్త్రం అక్కర్లేదు. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపాక ఆయన మృతదేహాన్ని మంచం మీద కృష్ణదేవిపేటకు చేర్చారు. ఆ మృతదేహపు ఫోటో తర్వాత ఎన్నో పుస్తకాల్లో అచ్చయింది. అందులోని వస్తువు విప్లవవీరుడే. కాని కొండల్లో రెండేళ్లు ఎవరికీ అందకుండా తిరిగిన మనిషిని కదలకుండా పడుకోబెట్టి చూపడమే ఆ ఫోటో చెప్పే కథ. మనిషి మనవాడే అయినా కథ ప్రభుత్వానిది. వస్తువు ఒకటే ఉన్నంత మాత్రాన కథ మనదైపోదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక మన ఫోటోల్లో దాదాపు పూర్తిగా లోపించిన దిశ ఒకటి చెప్పాలి. అది తిరుగుప్రయాణం. డోలీ దిగేటప్పుడు వందసార్లు చూశాం. ఎక్కేటప్పుడు ఎవరు చూశారు? ఆసుపత్రినుంచి పచ్చిబాలింత బిడ్డనెత్తుకుని అదే వాలును కాలినడకన ఎక్కాలి. ప్రాణం దక్కకపోతే శవాన్ని అదే కర్రకు కట్టి ఎక్కించాలి. వాహనం రోడ్డు చివరనే ఆగుతుంది గనక చనిపోయినవాళ్లకూ డోలీయే గతి. విలేకరి అప్పటికి వెళ్లిపోయి ఉంటాడు. దిగుడు వార్త, ఎక్కుడు వార్త కాదు. అందువల్ల కొండవాడి కథ మన పత్రికల్లో ఎప్పుడూ మైదానానికి చేరడంతో ముగుస్తుంది, కొండ అతను వదిలి రావలసిన చోటుగా మిగులుతుంది. పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలోని కొండరెడ్ల, కోయల గూడేలు ఖాళీ అయినప్పుడు సామాన్ల ట్రాక్టర్ల ఫోటోలు కూడా ఇదే అచ్చులో వచ్చాయి. దిగిపోవడమే సహజం అన్నట్టు. తిరిగి ఎక్కలేనివాళ్ల గురించి రాయడానికి ముందు, తిరిగి ఎక్కేవాళ్లను చూపడం మనం నేర్చుకుని ఉంటే ఆ ఫోటోల్లోని విషాదం పాఠకుడికి ఇంకోలా తగిలేది.

'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' అనే సినిమా 2022లో వచ్చింది. ఎన్నికల పనిమీద కొండ ఎక్కిన అధికారి, బడీ ఆసుపత్రీ వంతెనా లేనిదే ఓటు వెయ్యమనే జనం. వ్యాపార సినిమా పరిమితులు దానికి ఉన్నాయి. ఇక్కడ కూడా కథకు కేంద్రం ఎక్కివచ్చిన మనిషే. అయినా దాని కథాంశంలో ఒక మంచి ఆలోచన ఉంది. జనం దిగరు, ప్రభుత్వమే ఎక్కిరావాలంటారు. దిశను మారిస్తే డిమాండు పుడుతుందని ఒక మామూలు సినిమా గ్రహించినప్పుడు, ప్రజాపక్షపు ఫోటోగ్రఫీ గ్రహించకపోవడానికి సాకు లేదు.

ఆచరణలో కావలసినవి పెద్ద పరికరాలూ కావు, పెద్ద సిద్ధాంతాలూ కావు. మన్యం ఫోటో వేసే సంపాదకుడు దాని కింద ఏ గూడెంనుంచి ఏ ఊరికి, ఎంత దూరం, ఎన్ని గంటలు నడిచారో వెయ్యాలి. దారిని కత్తిరించి ముఖాన్ని మాత్రం పెద్దది చెయ్యకూడదు. ఒక్క ఫోటోతో సరిపెట్టకుండా బయలుదేరిన చోటు, వాలు, చేరిన చోటు మూడూ వెయ్యాలి; చోటు చాలకపోతే చేరిన చోటునే వదిలెయ్యాలి. ఫోటోగ్రాఫరు వీలైనప్పుడల్లా దారికి పక్కకు జరగాలి, లేదా దారి వెంట నడవాలి. గూడెం కుర్రాళ్లు తీసిన వంకర బొమ్మలను సరిచెయ్యకుండా, తీసినవాళ్ల పేరు వాళ్ల అనుమతితో వేసి అచ్చెయ్యాలి. డోలీ తిరిగి ఎక్కే రోజు కూడా ఎవరో ఒకరు ఆ దారిలో ఉండాలి.

విమర్శకులుగా మన పని ఇంకొంచెం సులభం. ఇకమీదట ఏ పత్రికలో మన్యం ఫోటో కనబడినా, ఇందులో ఎవరున్నారు అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎవరు కదులుతున్నారు, ఎవరు ఆగి ఉన్నారు, ఎటు పోతున్నారు, తీసినవాడి కాళ్లు ఎగువన ఉన్నాయా దిగువన ఉన్నాయా అని కూడా అడగాలి. కవిత్వానికి మనం వర్తింపజేసిన కొలబద్దను ఫోటోకు వర్తింపజెయ్యడానికి ఇంతకన్నా ఆలస్యం తగదు.